వాగులో పాఠం

"టీచరమ్మా, ఇంకా దింపకండి!"

ఆ మాట వెనకే ఈల మోగింది. వాగు ఒడ్డున ఉన్న తొమ్మిదో తరగతి పిల్లలు ఠక్కున ఆగిపోయారు.

తనూజకి ఒళ్ళు మండింది. పొద్దున్నించి ఇదే వరస. బస్సెక్కితే ఈల, దిగితే ఈల, ఎవడైనా పొద చాటుకి వెళ్తే దానికీ ఈల!

ఈల వేస్తున్న పెద్దాయన అప్పలకొండ. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మనిషి. బస్సు కదిలే ముందు హెడ్మాస్టర్ కామేశ్వరరావు గారు "ఈయన్ని కూడా తీసుకెళ్ళమ్మా" అని ఎక్కించారు. ఎందుకో చెప్పలేదు.

మెడలో ఈల చూసి తనూజే తేల్చేసుకుంది. రిటైరైన గూడ్సు గార్డు. ఆ ఊళ్ళో ఇలాంటి పెద్దమనుషులకి కొదవా? రైలు దిగినా డ్యూటీ దిగరు.

ఎప్పుడో ఏదో జరిగిందని ఆ ఊరి తెలుగు బడి, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడమే మానేసింది. ఆ జరిగిందేమిటో కొత్తగా చేరిన తనూజకి ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. అయినా ఆమె బడి కమిటీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఒప్పించింది. ఈ ఒక్క యాత్ర సవ్యంగా జరిగితే ఏటా ఉంటుంది. లేదంటే ఈ పిల్లలకి వాగంటే పుస్తకంలో బొమ్మే.

"మేడమ్, పానీలోకి ఎప్పుడు? చేపపిల్లలు సాఫ్ కనిపిస్తున్నాయి!" అంది భవిత, సగం హిందీలో.

"ఇప్పుడే."

"ఆగండమ్మా. అడుగునేటుందో సూడాల" అంటూ అప్పలకొండ చొక్కా విప్పి వాగులో దిగిపోయాడు. మునిగాడు, లేచాడు, అటు నడిచాడు, ఇటు నడిచాడు. ఎంతకీ బయటికి రాడు.

"తాతగారు స్నానం చేస్తున్నారు!" పిల్లలు పగలబడి నవ్వారు.

ఎట్టకేలకి వచ్చి, సంచిలోంచి తాడు తీసి, రెండు ఒడ్డుల మీది చెట్లకీ బిగించి కట్టాడు.

"ఈ తాడు దాటనీకండి. అటేపు ఇసకలో గోతులున్నాయి."

కోపంలో తనూజకి ఇంటి భాష వచ్చేసింది. "ఏటి బాబాయ్ గారూ, ఇక్కడ మీరొక్కరే పెద్దా? నాను లేనా? పిల్లల్ని హడలగొట్టేస్తన్నారు!"

"హడలగొట్టడం కాదమ్మా..."

"మీ డ్యూటీ అయిపోయింది, గార్డు గారూ. రోడ్డు మీదకెళ్తే ఊరికెళ్ళే బస్సు దొరుకుతుంది. వెళ్ళిపోండి."

అప్పలకొండ తాడు ముడి మరోసారి లాగి చూశాడు. ఈల తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎల్తాను. కానీ పిల్లల్ని దింపకుండా ఎనక్కి తీసుకెల్లిపోకండమ్మా."

తడిబట్టలతోనే గట్టెక్కి వెళ్ళిపోయాడు.

తనూజ పంతంగా పిల్లల్ని దింపింది. మోకాలిలోతు నీళ్ళలో, తాడు పట్టుకుని, అందరూ చేపలు చూశారు, నాచు చూశారు, నీటి వేగం కొలిచారు. ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. నీళ్ళంటే భయపడే పిల్లలు కూడా ఎంత పిలిచినా బయటికి రాలేదు.

మర్నాడు తనూజ హెడ్మాస్టర్ గదిలోకి గెలిచినట్టు వెళ్ళింది.

"యాత్ర బ్రహ్మాండం సార్! వచ్చే ఏడూ వెళ్తాం. ఎవరు ఆపినా వెళ్తాం. ఆ గార్డు గారిని మాత్రం పంపకండి. నిన్న సగంలోనే ఇంటికి పంపేశాను."

"గార్డెవరమ్మా?"

"అప్పలకొండ గారు."

కామేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆయన గార్డు కాదు. రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. తనెవరో చెప్పొద్దన్నారు, పిల్లలు భయపడతారని."

"భయమెందుకు సార్?"

"ఇదివరకు మన బడి యాత్రలో, ఆ వాగులోనే పోయిన కుర్రాడు ఆయన కొడుకమ్మా; కమిటీ అంతా నిన్ను కాదన్నప్పుడు, 'నీళ్ళ దగ్గరికి పోనివ్వకుండా, ఈతైనా రాకుండా పెంచి నా బిడ్డని పోగొట్టుకున్నాను, ఈ పిల్లల్ని అలా పెంచకండి, ముందు అక్కడికే తీసుకెళ్ళండి, నేను తోడెళ్తాను' అని పట్టుబట్టింది ఆయనే."