కంచె మీది బఠానీలు

బఠానీ కాయలు పోయిన రోజు ముందుగా చూసింది టేగన్.

"మిస్ మార్లిస్! మన కాయలు ఎవరో తినేశారు!"

డేకేర్ పిల్లలందరూ కంచె దగ్గరికి పరుగెత్తారు. మార్లిస్ వంగి చూసింది. తీగలున్నాయి, పువ్వులున్నాయి. నిన్న వీధివైపు వేలాడిన లేత కాయలు లేవు.

"కుందేలు తినుంటుంది," అన్నాడు ఫిన్.

"అంతెత్తు ఎగురుతుందా కుందేలు? తింగరోడా!" అంది టేగన్.

"మా కుందేలు ఎగురుతుంది."

"మీకసలు కుందేలే లేదు."

ఓపల్ ఎప్పటిలా కంచె చివర నిలబడి చూస్తోంది. ఆ పిల్ల ఎప్పుడూ ఏమీ అనదు.

పొత్తిళ్ళలో ఉండగానే ఓపల్‌ని పిల్లల సంక్షేమశాఖ వాళ్ళు తల్లి దగ్గర నుంచి తీసుకొచ్చేశారట. అప్పటినుంచి ఎవరో ఒకరి ఇంట్లో పెరుగుతోంది. మధ్యాహ్నం తిండి డబ్బా ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్తుంది.

"ఇలాగే తినకుండా ఉంటే నావల్ల కాదు. ఇంకో ఇల్లు చూసుకోమని చెప్పేస్తా," అని ఇప్పుడు పెంచుతున్న బ్రెండా గుమ్మంలోనే అంది, పిల్ల వింటుండగానే.

తమ చేత్తో పెంచింది పిల్లలు తింటారని మార్లిస్ నమ్మకం. అందుకే మూలల్లో మంచు పూర్తిగా కరగకముందే వాళ్ళ చేత ముల్లంగి, బఠానీ వేయించింది. టమాటాలకైతే మే చివరిదాకా ఆగాలి. బఠానీకి చలి లెక్కలేదు.

పందిరికి కర్రలు లేక ఇనప జాలీ కంచె పొడుగునా గింజలు గుచ్చారు. అది దక్షిణం వైపు కంచె. తీగలు ఎండ కోసం జాలీలోంచి దూరి వీధివైపు తిరిగాయి. కాయలన్నీ బయట కాశాయి. గింజ గుచ్చేటప్పుడు ఆ సంగతి మార్లిస్‌కి తట్టలేదు.

కోయడానికి పిల్లల్ని కంచె దాటించాలంటే అందరి తల్లిదండ్రుల సంతకాలూ కావాలి. గేటు గడియ పిల్లలకి అందదు. తాళంచెవి మార్లిస్ మెడలో ఉంటుంది. పిల్లలు రోజంతా లోపల. పిల్లలతో పాటే ఆమె కూడా.

మర్నాడు కిటికీలోంచి చూస్తే కంచె బయట ఒక ముసలామె. నీలం స్వెట్టరు. చేతులు తీగల మధ్య ఉన్నాయి.

మార్లిస్ విసురుగా వెళ్ళింది.

"ఏమండీ, అవి పిల్లలు పెంచుకున్నవి."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"చిన్నపిల్లల నోటి దగ్గరవి! సిగ్గనిపించట్లేదా?"

ఆమె ఏదో చెప్పబోయింది. మార్లిస్ వెనక నిలబడ్డ ఓపల్‌ని చూసి ఆగిపోయింది. తల వంచుకుని వెళ్ళిపోయింది.

"చేతిలో సంచీ కూడా లేదు, పాపం," అంది ఆయా డార్సీ.

"దొంగకి సంచీ ఉండాలని రూలేమైనా ఉందా?"

ఆ వారమే మార్లిస్ కంచె బయట ఎత్తుగా చెక్కలు కొట్టించింది. కాయలు పోవడం ఆగింది. ఎండ రావడం కూడా ఆగింది. ఆవరణ మూత పెట్టిన పెట్టెలా అయింది. వీధిలో పోయేవాళ్ళ అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ తెలియదు. తీగలు పసుపెక్కి ఎండిపోయాయి.

ఎండిన తీగలు పీకుతుంటే ఓపల్ ఎప్పుడూ నిలబడే చోట ఆకుల కింద ఖాళీ బఠానీ తొక్కలు కనిపించాయి. అక్కడి తీగలు మాత్రం లోపలికి తిరిగి ఉన్నాయి. ఎవరో ఒక్కొక్క కొసనీ జాలీలోంచి ఇటు లాగి, చిన్న చేతికి అందే ఎత్తులో చుట్టిపెట్టారు.

"ఓపల్, ఇవి నువ్వు తిన్నావా?"

ఓపల్ తలూపింది. మెల్లగా నోరు విప్పింది.

"ఆవిడ ఇటు తిప్పేది."

"నీతో ఏమైనా అనేదా?"

"ఊఁహూఁ. నేను తింటుంటే చూసేది."

మార్లిస్ చేతిలో తీగలు అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం ఓపల్ కేసు చూసే అధికారి లోర్నా వచ్చింది. పిల్ల బట్టల సంచీ అప్పటికే కారులో ఉంది.

"బ్రెండా ఇక కుదరదంది. వేరే ఊళ్ళో ఇల్లు దొరికింది," అంటూ కంచె వైపు చూసి ఆగింది. "ఈ చెక్కలేంటి?"

"ఒక ముసలావిడ కాయలు కోస్తోందని..." మార్లిస్ ఆగి లోర్నా వైపు తిరిగింది. "నీలం స్వెట్టరు. మీకు తెలుసా ఆవిడ?"

ఓపల్ వినట్లేదని చూసుకుని లోర్నా గొంతు తగ్గించింది.

"పిల్లని వీధిలోంచి చూడొచ్చు, పలకరించకూడదు అంది కోర్టు ఆవిడతో. మీకు చెప్పే వీలు లేకపోయింది నాకు. చూడ్డం కోసమే ఆవిడ ఈ పక్క వీధిలో గది తీసుకుంది."

"నేను వెళ్ళి మాట్లాడతాను. ఇప్పుడే వెళ్తాను."

"గది ఖాళీ చేసి ఉత్తరాన వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. ఇంకేం కనబడట్లేదు కదమ్మా, అంది నాతో."

ఓపల్ వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. మార్లిస్ కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"మిస్ మార్లిస్, ఆవిడ కొత్తింటికి వస్తుందా?"

మార్లిస్ లోర్నా వైపు చూసింది. లోర్నా వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, మెల్లగా తలుపు వేసింది.

ఆ నీలం స్వెట్టరావిడ తన అమ్మమ్మ అని ఓపల్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదు.