ఇంటర్వ్యూలో ఫెయిలైన కోచ్

తేజేశ్వర్‌లో లోపమేమీ లేదు, అన్నీ తెలియడం తప్ప.

అమెరికాలోని చాండ్లర్‌లో పదిహేనేళ్లుగా చిప్ ఇంజనీరు. ఆ అర్హతతోనే కూతురు వేదకు, చేత్తో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ విసరడం నేర్పిస్తున్నాడు, యూట్యూబ్ చూసి, ఎక్సెల్‌లో చార్ట్ వేసి.

శనివారం స్కూల్లో అమ్మాయిల జట్టుకు సెలక్షన్లు. బంతిని అందరికీ అందించే క్వార్టర్‌బ్యాక్ స్థానం ఒక్కటే. పోటీలో ఐదుగురు. వేదకు ఆ వారం అన్నం సయించడం లేదు.

సోమవారం పార్కులో, రోజూ కుక్కతో నడిచే అరవై దాటిన అమెరికన్ ఒకాయన వాళ్ల దగ్గర ఆగాడు. పేరు వాల్ట్.

"చేతి సంగతి తర్వాత. ముందు పాదం తిప్పు," అన్నాడు.

వేద తిప్పింది. బంతి సూటిగా వెళ్లి, బెంచీ మీదున్న వాళ్లమ్మ నమ్రత వాటర్ బాటిల్‌ని పడగొట్టింది.

"డాడ్, చూశావా?"

డాడ్ చూడలేదు. ఫోన్లో వాల్ట్ ప్రొఫైల్ వెతుకుతున్నాడు. ప్లంబర్నైనా చదువు తెలుసుకోకుండా గుమ్మం దాటనివ్వడు.

"మీరేం చేసేవారు?"

"పరుపులు అమ్మేవాణ్ని."

"డిగ్రీ?"

"పూర్తి కాలేదు. భుజం పోయింది." వాల్ట్ కుడి భుజం రుద్దుకున్నాడు. "ఈ వారం ఖాళీయే. రోజూ వచ్చి నేర్పనా?"

"థాంక్స్. మాకు ప్లాన్ ఉంది."

వాల్ట్ తలూపి వెళ్లిపోయాడు.

"డిగ్రీ కూడా లేదు, మనకు కోచింగా?" అన్నాడు తేజేశ్వర్.

"మీ డిగ్రీలో ఫుట్‌బాల్ ఏ సెమిస్టర్‌లో ఉందండీ?" అంది నమ్రత.

శనివారం వేద చార్ట్‌ని బ్యాగులోనే ఉంచి, పాదం తిప్పింది. పన్నెండు విసిరితే పదకొండు చేరాయి. స్థానం ఆమెదే.

"ఎవరు నేర్పారు?" అడిగింది కోచ్.

"వాల్ట్ అంకుల్. ఒక్క రోజే."

"ఒక్క రోజుకే ఇలాగా? ఆయన్ని వదలకండి."

ఆ సాయంత్రమే సున్నుండల డబ్బాతో ముగ్గురూ పార్కు ఎదురుగా ఉన్న వాల్ట్ ఇంటికెళ్లారు. తాళం. పక్కింటావిడ బయటికొచ్చింది.

"నిన్ననే ఒరెగాన్ వెళ్లిపోయాడు, కూతురి దగ్గరికి. ఇక రాడు. పార్కులో బంతి విసిరే అమ్మాయి వస్తే ఇమ్మన్నాడు," అంటూ ఒక పాత ఫుట్‌బాల్ ఇచ్చింది.

దాని మీద వెలిసిన తెల్లటి అక్షరాలు. తేజేశ్వర్ కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు.

"1984. ఒక్క సీజన్‌లో 4,112 గజాల పాస్‌లు. యూనివర్సిటీ కొత్త రికార్డు. క్వార్టర్‌బ్యాక్, వాల్ట్."

బంతిని వేద చేతుల్లో పెట్టి, "తప్పు నాదేనమ్మా," అన్నాడు, నమ్రతకు కూడా వినపడేలా.