పేర్ల పట్టిక

కంప్యూటరు మీద జన్యువులు చదవడంలో నన్ను మించినవాడు లేడు, కనుక ఈ కథను కళ్లు మూసుకుని నమ్మవచ్చు.

వేసవి శిక్షణకు వచ్చిన డిగ్రీ పిల్ల తెర చూసి పకపకా నవ్వింది. “మేడం, ఇది మగాయన పేరు. జన్యువులేమో ఆడమనిషివి!”

నేర్పే మేడం నవ్వలేదు. “ఈ పట్టికని నువ్వేమైనా కదిపావా తల్లీ?”

“పేర్లు చిందరవందరగా ఉంటే పోయిన వారమే అక్షరక్రమంలో పెట్టానండి.”

“పేర్లొక్కటేనా? పక్కనున్న ఫలితాలు?”

పిల్ల మళ్లీ తెర మీదకు వంగి చూసింది. ఫలితాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకరి జబ్బు ఇంకొకరి పేరు పక్కన చేరింది.

“ఇది నేర్చుకునేవాళ్లకిచ్చే ఉత్తుత్తి పట్టికే కదండీ?”

“సోమవారం ఆసుపత్రికి పంపింది ఇదే. ఎవరిని కోయాలో అక్కడి డాక్టర్లు దీన్ని చూసే తేలుస్తారు. మొదటి ఆపరేషను ఇవాళ పదింటికి.”

పది దాటి ఐదు నిమిషాలైంది. అప్పటిదాకా వట్టి అక్షరాలైన పేర్లు పిల్ల కళ్ల ముందు మనుషులై బల్లల మీద పడుకున్నాయి. వెంటనే ఆసుపత్రికి ఫోను చేసింది.

“ఇంకా కత్తి పెట్టలేదమ్మా, ఆపేస్తాం” అన్నారు అవతల.

నిజం చెప్పొద్దూ, నేను కంప్యూటరును ముట్టుకున్నదే లేదు. ఇదంతా ఆ గది తుడిచే మా కోడలు చెప్పింది. నేను కల్పించింది ఆ జవాబు ఒక్కటే. అవతల ఫోను ఎవరూ ఎత్తలేదు.