శరత్‌చంద్ర చేతిరాత

శరత్‌చంద్ర తాగుడు మానేసిన నలభయ్యో రోజున అతని ఎడిటర్ శ్రీరామచంద్రమూర్తి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

“నాకు మందు పర్మిట్ కావాలండీ. సర్టిఫికెట్ రాసివ్వండి.”

డాక్టరు బిత్తరపోయాడు. అది 1995. రాష్ట్రమంతా మద్యనిషేధం. ఒంటికి మందు తప్పదని డాక్టరు రాసిస్తేనే సీసా దొరికేది. ఆ నిషేధం రావాలని రెండేళ్లపాటు వారానికో సంపాదకీయం రాసింది ఈ మూర్తే. కాఫీ కూడా ముట్టని మనిషి.

“జబ్బేమిటని రాయమంటారు?”

“సర్క్యులేషన్ పడిపోతోందని రాయండి.”

“రక్తానిదా?”

“పత్రికదండీ బాబూ!”

విజయవాడలో ‘డెల్టావాణి’ని జనం కొనేది శరత్‌చంద్ర కోసమే. చల్లపల్లి నుంచి వచ్చిన కొత్తలోనే, కాగితాల మీద తప్ప ఎక్కడా జరగని కాలవ పూడికతీతను బయటపెట్టి ఓ ఇంజినీరు ఉద్యోగం ఊడగొట్టాడు. అభిమానులు పార్టీల మీద పార్టీలిచ్చారు. ఆ పార్టీల్లోనే మందు అలవాటైంది. ఏడాది తిరిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వైన్ షాపు బెంచీ మీద ఉండేవాడు. భార్య జ్ఞానప్రసూనాంబ చెప్పీ చెప్పీ విసిగిపోయి కూచిపూడిలో పుట్టింటికి వెళ్లిపోయింది.

విచిత్రమేమిటంటే, తాగుడు ముదిరినకొద్దీ వార్తలు పదునెక్కాయి.

‘మా వీధి మలుపులో గొయ్యికి నిన్నటితో ఏడాది నిండింది. అధికారులు రాలేదు గానీ, పడ్డవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.’

ఇలా ఉండేవి. రోడ్లు పట్టుకు తిరిగేవాడికి తప్ప తెలియని సంగతులు. అక్షరాలు కూడా ముత్యాల్లా ఉండేవి. రోజూ సాయంత్రం శరత్‌చంద్రను ఇంటి దగ్గర దించి, రిక్షా సొలొమోను కవరు తెచ్చి ఆఫీసులో ఇచ్చేవాడు.

“సారు పడుకున్నారండి. వార్త ఇదిగోనండి.”

ఎనిమిదేళ్లు ఇలాగే గడిచాయి.

నిషేధం వచ్చింది. వైన్ షాపు మూతపడింది. శరత్‌చంద్ర వారం రోజులు జ్వరంతో వణికాడు. తర్వాత మామూలు మనిషయ్యాడు. జ్ఞానప్రసూనాంబ తిరిగొచ్చింది. అతను రిక్షా మానేసి సైకిల్ కొనుక్కున్నాడు. తలదువ్వుకుని ఆఫీసుకొచ్చి, అందరి ముందూ కూర్చుని వార్త రాశాడు.

‘నగరంలో నిన్న వర్షం కురిసింది. గొడుగులు లేనివారు తడిశారు.’

చేతిరాత కోడి కెలికినట్టుంది. నరాలు కుదుటపడితే అదే చక్కబడుతుందిలే అన్నారు డెస్కువాళ్లు. మూడు వారాలైనా చక్కబడలేదు. వార్తలు మానిపించి ‘నగరంలో నేడు’ శీర్షిక అప్పగించారు. అందులో ఓ సంతాపసభకు పెళ్లి జరుగుతున్న హాలు చిరునామా వేశాడు. వెళ్లినవాళ్లు భోంచేసి వచ్చారు.

అతన్ని తీసేయమంది యాజమాన్యం. అందుకే ఈ పర్మిట్.

పర్మిట్ చేతికొచ్చిన మధ్యాహ్నమే మూర్తి సీసాని సొంత పత్రికలో చుట్టుకుని సత్యనారాయణపురంలో శరత్‌చంద్ర ఇంటికి వచ్చాడు.

జ్ఞానప్రసూనాంబ గుమ్మానికి అడ్డం నిలబడింది. “మీరేనా అండీ ఈ పని చేసేది?”

“ఉద్యోగం నిలబడాలి కదమ్మా.”

“నాకు మనిషి కావాలండీ. వార్తలు కాదు.”

శరత్‌చంద్ర సీసా వంక చూడలేదు. తన పాత వార్తలు అంటించుకున్న పుస్తకం తిరగేస్తున్నాడు.

“ఇవన్నీ నా పేరుతో వచ్చినవే జ్ఞానా. ఒక్క ముక్క రాసినట్టు గుర్తులేదు. పొద్దున్నే పేపర్లో చూసి నేనే ఆశ్చర్యపోయేవాణ్ణి. మందే రాయిస్తోందనుకుని తాగుతూ పోయాను. ఇప్పుడు రాయడం కూడా రాకపోతే ఇక నేనెవర్ని?”

ఆమె కళ్లు తుడుచుకుంది.

“ఈ ఒక్కసారే. నేనూ పక్కనే కూర్చుంటాను.”

తెల్లకాగితాలు పెట్టారు. పెన్ను పెట్టారు. ఒక గ్లాసు. రెండు. మూడు. మూర్తి, జ్ఞానప్రసూనాంబ చెరోపక్క ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నాలుగో గ్లాసుకి శరత్‌చంద్ర పెన్ను అందుకున్నాడు. మూర్తి ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు.

శరత్‌చంద్ర ఆ పెన్నుతో చెవి గోక్కుని, దాన్ని జేబులో పెట్టుకుని, కాగితాల మీద తలవాల్చి గురక మొదలెట్టాడు.

“రాయడేంటమ్మా?”

“నన్నడుగుతారేంటండీ? ఇంటికి చేరేలోపే రాసేసేవారట కదా!”

మూర్తి నుదురు కొట్టుకున్నాడు. “రిక్షా! రిక్షా ఉండాలమ్మా. ఆ కుదుపులు లేనిదే కలం కదలదు!”

వీధి చివర స్టాండులో ఉన్న సొలొమోనును పిలిపించారు. ముగ్గురూ కలిసి శరత్‌చంద్రను ఎత్తి రిక్షాలో కూలేశారు. పడిపోకుండా జ్ఞానప్రసూనాంబ పక్కన కూర్చుని పట్టుకుంది. కాగితాలు ఆమె ఒళ్లో పెట్టి, మూర్తి స్కూటర్ మీద వెనకే బయల్దేరాడు.

“రోజూ ఎక్కడ ఆపేవాడివో అక్కడే ఆపవయ్యా సొలొమోనూ,” అని కేకేశాడు.

సొలొమోను ఏలూరు కాలవ గట్టున నీడ చూసి బండి ఆపాడు.

“ఇక్కడేనండి. గంట పట్టుద్దండి.”

“పట్టనీ. మేం నోరెత్తం.” మూర్తి పెదాల మీద వేలేసుకుని పక్కన నిలబడ్డాడు.

సొలొమోను కాలవలోకి దిగి చేతులు కడుక్కొచ్చాడు. తువ్వాలుతో తడి లేకుండా తుడుచుకున్నాడు. శరత్‌చంద్ర జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పాడు.

“అమ్మగారూ, ఆ కాగితాలిలా ఇచ్చి సారుని కాస్త మీ వైపు జరుపుకోండి, నేను కూర్చుని రాసుకోవాలండి,” అన్నాడు.