వరండాలో చేతికర్ర

ఆ రచయిత్రి తన డిటెక్టివ్‌ను అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తెచ్చి తయారు చేసుకుంది. పొడిదగ్గు తాతయ్యది. మెడ వంచి ఎగాదిగా చూడడం వాచీలు బాగుచేసే ముసలాయనది. ఎవరూ అడగని ప్రశ్న అడిగే గుణం మాత్రం ఎవరి దగ్గరా దొరకలేదు, దాన్ని సొంతంగా కల్పించింది. అక్క మేడ మీంచి పడి చనిపోయినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు మరి. కాలు జారిందన్నారు, అంతే. ఏడాది తిరిగాక పెద్దవాళ్లు ఆమెను బావకే ఇచ్చి పెళ్లి చేశారు.

ఒక రాత్రి బావ పడుకున్నాక ఆమె కొత్త నవల మొదలుపెట్టింది. ఈసారి డిటెక్టివ్‌కు చేతికర్ర ఇద్దామనుకుంది. ప్రశ్న అడిగే ముందు దాన్ని నేలకేసి మెల్లగా తడతాడు. ఆ సంగతి ఇంకా కాగితం మీద పెట్టనేలేదు, వరండాలో కర్ర చప్పుడైంది. ఆ వెనకే పొడిదగ్గు.

ఆమె లేచింది. తలుపు దగ్గరికి వెళ్లి, "ఎవరండీ?" అంది.

"ఒక్క మాటమ్మా. ఆ రోజు మీ అక్క మేడ మీదికి ఒంటరిగానే వెళ్లిందా?"

ఆమె గడియ మీద చెయ్యి వేసింది.

"తీయకు!"

వెనక బావ. ఒళ్లంతా చెమటతో, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరో నీకు తెలుసా బావా?"

"రోజూ వస్తున్నాడే. నువ్వు నిద్రపోయాక వచ్చి నన్ను ఇదే అడుగుతున్నాడు."

"నువ్వేం చెప్పావు?"

బావ తల దించుకున్నాడు. బయట దగ్గు ఆగిపోయింది.

ఆమె గడియ తీసింది.