గోడకు అవతల

గణపతిరావు పిడికిలి బిగించి హాలు గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు. చెవి ఆనించి కాసేపు విని, పక్క గదిలోకి వెళ్లి అక్కడి గోడ మీదా అలాగే కొట్టాడు.

తాళాలు అప్పగించడానికి వచ్చిన డిజైనర్ సత్యవాణికి నవ్వొచ్చింది. తాల్‌బగీచా కాలనీలో ఇంతటి ఇల్లు ఇంకొకటి లేదు. పాలరాతి నేల, కప్పులో దాచిన దీపాలు, టేకు పలకల పడకగది, అన్నీ ఆమె గీసి చేయించినవే. రైల్వే వర్క్‌షాపులో చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగుళ్లు కనిపెట్టిన మనిషికి, కాంట్రాక్టరై ఇంత గడించినా పాత అలవాటు పోలేదనుకుంది.

"ఎక్కడా డొల్ల లేదండీ గణపతిరావుగారూ. నాదీ పూచీ."

"డొల్ల కోసం కాదమ్మా. మా యావిడ పోయిన కాణ్ణుంచి క్వార్టర్లో నానొక్కణ్ణే కదా. పక్క క్వార్టర్లో నాతో పన్జేసిన దేముడనీవోడూ ఒక్కడే. మజ్జిన ఒకటే గోడ. పొద్దుటే లెగిసి నాను రెండు దెబ్బలు కొట్టీవోణ్ణి. బతికే ఉన్నావేట్రా అని. ఆడు రెండు కొట్టీవోడు, ఉన్నానని. ఇక్కడ ఏ గోడకి కొట్టినా ఏటీ పలకట్నేదు."

సత్యవాణి తాళాలు అతని చేతిలో పెట్టి బయటికొచ్చింది.

గేటు వైపు వెళ్లలేదు. ఇంటి పక్కగా నడిచి, పడకగది గోడ మీద గట్టిగా రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి నిలబడింది.

ఏమీ వినపడలేదు. వీధి చప్పుడు లోపలికి రాకూడదని ఆ గోడను రెండు పొరలుగా కట్టించింది ఆమే.