కంచె దాటిన బంతి

వంటింటి కిటికీ అద్దం భళ్ళున పగిలింది. బేస్‌బాల్ బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర ఆగింది.

"ఈ మాయదారి ఆట ఏ పనిలేనివాడు కనిపెట్టాడో గానీ!" అంటూ ఓటిలీ గ్రూబర్ చీపురు అందుకుంది. 1884 ఏప్రిల్‌లో, అమెరికాలోని టొలీడో ఊరి చివర, సరిగ్గా ఆవిడ పెరటి వెనకే చెక్క కంచె కట్టి బేస్‌బాల్ మైదానం వెలిసింది. అప్పట్నుంచీ ఆ కిటికీకి శని పట్టింది.

పెంకులు ఎత్తడం పూర్తి కాకముందే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎప్పటిలాగే ఆటగాడు లెమ్యుయెల్ టట్‌హిల్. చేతిలో టోపీ, చంకలో కొత్త అద్దం. ఎవరు పగలగొడితే వాళ్ళే వెళ్ళి బిగించి రావాలని జట్టు యజమాని పెట్టిన నియమం.

"మళ్ళీ నువ్వేనా? నువ్వు బ్యాట్ పట్టకపోతే ఈ ఊరికొచ్చిన నష్టం ఏంటయ్యా?"

"పొరపాటైపోయింది మిసెస్ గ్రూబర్. గాలికి ఇటు తిరిగింది."

"ఏం, ఆ గాలికి నా కిటికీ ఒక్కటే కనిపిస్తుందా? పక్కింటి హోల్ట్‌జ్ వాళ్ళకి అన్నేసి కిటికీలున్నాయిగా!"

అతను తల గోక్కున్నాడు. ఓటిలీ తిడుతూనే కాఫీ కలిపింది. ప్లమ్ పళ్ళ కేకు లావుపాటి ముక్క కోసింది. మొగుడు పోయాక ఆ ఇంటి తలుపు తట్టినవాళ్ళు లేరు. అద్దం పగిలిన రోజు తప్ప రెండో కప్పుకి పనే లేదు.

టట్‌హిల్ నింపాదిగా అద్దం బిగించాడు. ఒక్కో మూలా రెండేసిసార్లు తడిమి చూశాడు.

"ఇదే ఆఖరిది లెండి," అన్నాడు ఇటు తిరక్కుండా. "జట్టు దివాలా తీసింది. ఇవాళ్టితో ఆటలు బంద్. మైదానం ఇటుకల బట్టీ వాళ్ళు కొన్నారు. సాయంత్రం రైలుకి నేనూ వెళ్ళిపోతున్నా."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. "పీడా వదిలింది," అంది. ఎక్కడికని అడగబోయి, కేకు ముక్క అతని ముందుకి తోసింది.

అతను కాఫీ చుక్క మిగలకుండా తాగి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మిసెస్ గ్రూబర్... ఎప్పుడైనా నేను ఇటు వస్తే..." అని నీళ్ళు నమిలాడు.

"వస్తే అద్దం తెచ్చుకో," అంది ఆవిడ పుల్లవిరిచినట్టు.

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు మూశాక ఓటిలీ నాలుక కరుచుకుంది. ఉండమని ఒక్క మాట అంటే ఏం పోయేది? కాసేపు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఇక మనసు ఒప్పక, శాలువా కప్పుకుని మైదానం వైపు పరుగులాంటి నడక తీసింది.

కావలివాడు ముసలి హాన్లన్ అప్పుడే కంచె మేకులు పీకుతున్నాడు.

"టట్‌హిల్ ఏడీ? అద్దం సరిగ్గా బిగించలేదు. ఇంకోసారి రావాలి."

"రైలు ఇందాకే కూత వేసింది కదమ్మా. వెళ్ళిపోయాడు."

"ఏ ఊరికి?"

"ఎవరికి తెలుసు? ఏ జట్టు పిలిస్తే ఆ ఊరు."

ఓటిలీకి ఏడుపొచ్చింది. అది కనపడకుండా గొంతు పెంచింది. "పోతే పోయాడు, నాకేం! ఆ ఊళ్ళో కిటికీలకి మూడినట్టే. బాదితే మా వంటింట్లో పడేది బంతి. వేసవంతా చంపుకుతిన్నాడు!"

హాన్లన్ సుత్తి కిందపెట్టాడు.

"ఎవరూ, మన లెమ్యుయెలా? వాడి బ్యాట్‌కి బంతి తగలడమే గగనం! అసలు ఈ కంచె కట్టినప్పట్నుంచీ దీన్ని దాటించి ఒక్కడంటే ఒక్కడు కొట్టిన పాపాన పోలేదు. మీ కిటికీ పగలాలంటే, మీ పెరట్లోకొచ్చి చేత్తో విసరాల్సిందేనమ్మా!"